సూది పొడిచిన గడి

పోయిన వారం వసంత మా ఇంటికి వచ్చింది. చేతిలో పొడుగాటి అట్టగొట్టం, భుజానికి సంచి, మోకాళ్ళకు పట్టీలు. మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకుని, ఒక్కో మెట్టుకూ ఆగి ఎక్కింది. ఆమెను అట్లా చూసేసరికి నా లోపల ఎక్కడో ఒక మూలన సంతోషమైంది. ఆమె కూడా ముసలిదైంది కదా అని. పాపం, పరామర్శకు వచ్చిన మనిషి. మా ఆయన పోయి ఏడాది నిండింది. అప్పుడు ఆమె దవాఖానాలో ఉండి రాలేకపోయిందట. నేను చెప్తుంటే రాస్తున్నది మా చెల్లెలి కోడలు స్వరూప. ఈ మాట దగ్గరనే కలం ఆపి, "పెద్దత్తమ్మా, గీ సంతోషం ముచ్చట సుత రాయాల్నా?" అని అడిగింది. రాయమన్నాను. నా గొంతు బొంగురు, నా మాట మోటు. రెండో తరగతిలో బడి మానేసిన దాన్ని. తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటాను, సంతకం పెడతాను, అంతే. మంచిదాన్నని చెప్పించుకునే చదువు నాకు లేదు. బతుకులో నేను ఒక మనిషిని చూసి కుళ్ళుకున్నానంటే అది వసంతను చూసే. అది విడిచిపెట్టి చెప్తే ఇంకేం చెప్పినట్టు?

వసంత మాకు పరిచయమైన రోజుల్లో మేము కాజీపేటలో ఉండేవాళ్ళం. మా ఆయన ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరరు. చుట్టుపక్కల ఇండ్లన్నీ రైల్వే వాళ్ళవి. బొగ్గుపొగకు ఆరేసిన బట్టలు సాయంత్రానికి బూడిదరంగు తిరిగేవి, ఇంజను కూత విని పొయ్యి మీది అన్నం దించేవాళ్ళం. ఇంట్లో మాత్రం వాసన వేరు. మా అత్తమ్మ, కొడుకు సారైనా సరే, తన రాట్నం విడిచిపెట్టలేదు. కాశిబుగ్గ నుంచి నూలు తెప్పించుకుని, పొద్దంతా వసారాలో కూర్చుని కండెలు చుట్టేది. గంజి పెట్టిన నూలు వాసన, ఆమె ముక్కుపొడి వాసన, రాట్నం కిర్రుకిర్రు. కాలేజీ నుంచి ఎవరైనా వస్తే మా ఆయన, "అమ్మా, జర ఆపరాదే" అనేవాడు. "నీ సదువు గీ రాట్నం మీదనే నడిచింది బిడ్డా. ఆపితే నువ్వు సుత ఆగుతవ్" అని ఇంకా జోరుగా తిప్పేది. ఆయన మొహం చిన్నబోయేది కానీ నవ్వేవాడు. నేతపని ఇంటి నుంచి చదువుకుని పైకి వచ్చిన మనిషి. కాలేజీలో ఆయనను చిన్నచూపు చూసే వాళ్ళు ఉన్నారని నాకు తెలుసు. ఇస్త్రీ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించే తీరులో తెలిసేది, ఆరోజు ఎవరో ఏదో అన్నారని.

నేను కూడా కాశిబుగ్గలో మగ్గాల నడుమ పుట్టిన దాన్నే. మా నాయన జంపఖానాలు నేసేవాడు, పువ్వుల అంచులవి, నెమళ్ళవి. నేయడానికి ముందు నక్షా కాగితం వచ్చేది. కాగితం నిండా చిన్న చిన్న గడులు, గడికో రంగు. నాయన దాన్ని మగ్గం ముందు తగిలించి, ఎన్నో వరుస, ఎన్నో గడి అని చూసి, ఆ రంగు పోగు పట్టుకునేవాడు. ఒక గడికి ఒకటే రంగు. నక్షా గీసిన వాడు పరాకుగా ఒకే గడిలో రెండు రంగులు పెడితే నాయన మగ్గం దిగేవాడు. ఆ కాగితం మీద పెన్సిలు పెట్టేవాడు కాదు. అది గీసిన వాడి సొత్తు, నేసేవాడు దిద్దకూడదు, అది మా వాడకట్టు పద్ధతి. తప్పు గడిలో సూదితో పొడిచి, కాగితాన్ని వెలుతురుకు వాకిట్లో వేలాడదీసి, "ఓ నక్షాయనా, నీ గడిల పొద్దు పొడుస్తాంది సూడు" అని కేకేసేవాడు. ఆ రంధ్రంలోంచి వెలుతురు చుక్కలాగా కనబడేది. పొడవడం, పిలవడం, రెండూ కలిసే ఒక పని. ఇది గుర్తు పెట్టుకోండి. నేను అందులో సగమే చేశాను.

ఆ ఏడు కాలేజీలో కొత్త పాఠం ఒకటి పెడదామనుకున్నారు. మనిషి రాసిన ప్రోగ్రామును కంప్యూటరు మిషన్ చదివి అర్థం చేసుకునేట్టు చేసే విద్య, కంపైలరు అంటారు. ఆ పాఠం మా ఆయన తనకు కావాలన్నాడు. కాలేజీ పెద్దసారు ఒక మెలిక పెట్టాడట. ఊరికే పుస్తకం చూసి చెప్పడం కాదు, చిన్న భాష ఒకటి తీసుకుని, దాన్ని చదివే ప్రోగ్రాము తయారుచేసి, హైదరాబాదులో ఒక ఆఫీసు మిషన్ మీద నడిపించి చూపించు, నడిస్తే పాఠం నీది, లేకపోతే బయటి నుంచి ఇంకొకరిని పిలుస్తాం అన్నాడట. అప్పటి నుంచి మా ఇంట్లో కాగితాలు మొదలైనాయి. చాపంత ట్రేసింగ్ కాగితాలు తెచ్చి నేల మీద పరిచేవాడు. ఆయన గీతలు గీస్తే వంకర. ఒకరోజు చూడలేక స్కేలు గుంజుకుని నేనే గీశాను. అంచున సూదితో కొలత గుర్తులు పొడుచుకుని, ఆ గుర్తు నుంచి ఈ గుర్తుకు గీత, నక్షా గీసినట్టే. ఆయన చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. "గిన్ని రోజులు నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు. "నువ్వు అడిగితివా?" అన్నాను.

నా కాపురంలో అన్నిటికంటే మంచి రోజులు ఏవంటే ఆ రోజులే చెప్తాను. ఆయన గోడకు ఆనుకుని కూర్చునేవాడు, నేను గీస్తూ ఉండేదాన్ని, చెప్పేవాడు. "మిషన్‌కు మనలెక్క ముందటికీ ఎనుకకూ చూసి అర్థం చేసుకునుడు రాదు భారతీ. దానికి ఒక్క మాట కనబడుతది. గా ఒక్క మాట చూసి, ఇప్పుడు మాటలు కూర్చే ఏ సూత్రం పట్టుకోవాల్నో అది తేల్చుకోవాలె. తప్పు సూత్రం పట్టుకుంటే మళ్ల ఎనుకకు రాలేదు."

"మరి ఏది పట్టుకోవాల్నో దానికెవరు చెప్తరు?"

"గందుకే గీ గడులు. ఎడమదిక్కు, ఇప్పుడు మనం ఏం కట్టాల్నో దాని పేరు. పైన, కండ్ల ముందటున్న మాట. రెండూ కలిసే గడిల సూత్రం ఉంటది. సూసుడు, పట్టుకునుడు. ఖాళీ గడి వచ్చిందనుకో, రాసినోడు తప్పు రాసిండన్నట్టు."

"ఇది మా నాయన నక్షానే గద" అన్నాను. "ఎన్నో వరుస, ఎన్నో గడి, ఏ రంగు. నేసినంక ఎనుకకు వచ్చుడు ఆయనకు సుత లేదు." ఆయన నా మొహం చూసి, తొడ మీద చరుచుకుని నవ్వాడు. "గంతే! గంతే భారతీ!" అన్నాడు. ఆ రెండు మాటల మీద నేను వారం రోజులు తిండి లేకుండా బతకగలిగేదాన్ని. "మరి ఒక గడిల రెండు సూత్రాలు వస్తే?" అని అడిగాను. "రావొద్దు. ఒక గడికి ఒక్కటే. రెండు వచ్చినయంటే మిషన్‌కు దేన్ని పట్టుకోవాల్నో తెల్వది, పట్టిక పనికిరాదు" అన్నాడు. ఆ మాట నా చెవిలో నిలిచిపోయింది.

గీతలు నావి, నింపడం ఆయనది. ఒక్కో సూత్రం తీసుకుని, అది పట్టుకుంటే మొట్టమొదట ఏ మాట పుట్టగలదో వెతికి, ఆ మాట కింది గడిలో ఆ సూత్రం రాసేవాడు. దాన్ని ఫస్ట్ అనేవాడు. అది చకచకా నడిచేది. కొన్ని సూత్రాల్లో మాత్రం లోపల ఏమీ ఉండదు, ఉత్త ఖాళీ. ఆ పేరుది ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు. ఆ ఖాళీని ఎప్పుడు పట్టుకోవాలో తేలాలంటే, ఆ పేరు అయిపోయిన తర్వాత దాని వెనుక ఏ మాటలు రాగలవో సూత్రాలన్నీ గాలించి ఏరాలి. అది ఫాలో. ఒకదానికి ఒక మాట చేరిస్తే అది పోయి ఇంకొకదానికి అంటుకునేది, మళ్ళీ మొదటి నుంచి చూడాలి, కొత్తగా ఏదీ చేరని దాకా. అక్కడ ఆయనకు తల తిరిగేది. రెండు వారాలు కొట్టుకుని, "ఇది నా ఒక్కని తోని అయ్యేది కాదు" అన్నాడు. తర్వాతి ఆదివారం వసంతను వెంటబెట్టుకుని వచ్చాడు.

కృష్ణా జిల్లా పిల్ల. కొత్తగా చేరిన లెక్చరరు. సన్నగా, పొడుగ్గా, చేతికి మగవాళ్ళ గడియారం. తలంటుకున్న జుట్టు విరబోసి చివర ముడివేసేది. ఇంట్లోకి వస్తూనే, "నమస్కారం అక్కా" అని నాకు, "బాగున్నారా అమ్మమ్మా" అని మా అత్తమ్మకు. ఆకుపచ్చ సిరా పెన్ను తీసి కాగితం ముందు బాసిపట్టు వేసుకుని కూర్చుంది. మా ఆయన రెండు వారాలకు తేల్చలేని ఫాలో, ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ పొద్దు తిరిగేసరికి సగం ఏరింది. "సార్, ఇది ఇక్కడ కూడా అంటుకుంటుందండీ." "అవును గద!" అంటాడు ఆయన. తొడ మీద చరుచుకున్నాడు. నాకోసం చరుచుకున్న తొడే. వంటింట్లో నా చేతిలో ఉల్లిగడ్డ ఉన్నది కాబట్టి కండ్లనీళ్ళకు కారణం ఎవరూ అడగలేదు.

ఇద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. పట్టిక పెద్దది, ఒకరి చేతికి ఒకరి చెయ్యి అడ్డం వస్తున్నది, అందుకని రెండు కాగితాలు. రెంటికీ ఒకటే గీతలు నేను గీసియ్యాలి. నీలం సిరాతో ఆయన ఒకదాని మీద ఫస్ట్ గడులు నింపుతాడు, ఆకుపచ్చతో ఆమె ఇంకొకదాని మీద ఫాలో గడులు నింపుతుంది. తర్వాత రెండూ కలిపితే ఒక పట్టిక. గీతలు గీసిచ్చి నేను చాయ్ పెట్టడానికి లేచేదాన్ని. మళ్ళీ నన్ను ఎవరూ ఏదీ అడిగేవారు కాదు. నేను అడిగితే ఆయన, "తర్వాత చెప్త భారతీ" అనేవాడు. ఆ తర్వాత అనేది రానేలేదు.

మా అత్తమ్మ ఊరుకునేదా? రాట్నం తిప్పుతూనే, "ఏందే కోడలా, గా పిల్ల అండీ అండీ అంటాంటే నీ మొగనికి ఇరవై ఏండ్ల వయసు తిరిగొచ్చినట్టున్నది" అనేది. "నువ్వేమో చాయ్ కప్పులు కడుగుతానవ్."

"సార్లు, మేడములు, వాళ్ల పని వాళ్లది. నాకేంది అత్తమ్మా" అనేదాన్ని.

"నీకేం లేకుంటె గా చాయ్‌ల చక్కెర ఎందుకు మరిచిపోతానవ్, రోజు గా పిల్ల కప్పుల్నే?"

నిజమే. వసంత కప్పులో చక్కెర వేసేదాన్ని కాదు. ఆమె ఒక్కరోజు కూడా ఏమీ అనలేదు. "చాలా బాగుందక్కా" అని చివరి చుక్క దాకా తాగేది. సర్వపిండి పెడితే, "ఇది ఎలా చేస్తారక్కా, మా అమ్మకు రాసి పంపిస్తా" అని పుస్తకం తీసేది. నా చేతి వంట కూడా కాగితం మీదికి ఎక్కించుకుని పోతుందే అని ఒళ్ళు మండింది. రాత చేతకాని నాకు, రాసుకోగలగడం అనేదే పెద్ద దొంగతనంలాగా కనబడేది. వాళ్ళిద్దరి మధ్య చెడు ఏదన్నా ఉన్నదేమో అని కూడా చూశాను. దాచను. వసారాలో గింజలు ఏరుతున్నట్టు కూర్చుని చూశాను. ఏమీ లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోను కూడా చూసుకోలేదు. ఇద్దరూ కాగితం వైపే చూసేవారు, ఒకే గడి వైపు, ఒకే మాటకు ఒకేసారి తల ఊపేవారు. అదే నా మంట. చెడు ఉంటే జుట్టు పట్టుకుని కొట్లాడేదాన్ని. తల ఊపినందుకు ఏమని కొట్లాడాలి?

హైదరాబాదు మిషన్ మీద వీళ్ళకు ఒక పూట దొరికింది. ముందురోజు మధ్యాహ్నం వసంత తన కాగితం పూర్తిచేసి ఇచ్చిపోయింది. మా ఆయన కాలేజీకి పోతూ, "భారతీ, గీ రెండు కాగితాలు జర నలగకుంట చుట్టి గొట్టంల పెట్టు. పొద్దుగాల బండికి పోవాలె" అన్నాడు. రెండూ తీసుకుని అంచుకు అంచు కలిపి పెట్టాను. గీతలు నావే కదా, గీత మీద గీత కూర్చున్నది. ముడత ఉన్నదేమో చూద్దామని కిటికీకి ఎత్తి పట్టాను. ట్రేసింగ్ కాగితం, ఎండలో గాజులాగా అయింది. నీలం, ఆకుపచ్చ కలిసి ఒకటే పట్టికై కనబడ్డాయి. రాసింది ఏందో నాకు తెలియదు. ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో పిట్టకాళ్ళ లాంటి బాణం గుర్తులు. కానీ గడులు తెలుసు. వందకు పైగా గడులు. కొన్నింట్లో నీలం, కొన్నింట్లో ఆకుపచ్చ, మిగిలినవి ఖాళీ. అలవాటు కొద్దీ వరుస వెంట వరుస వేలు నడిపించాను. కింది నుంచి నాలుగో వరుసలో వేలు ఆగింది. ఆ గడిలో నీలమూ ఉన్నది, ఆకుపచ్చా ఉన్నది.

ఎవరి కాగితం వాళ్ళు చూసుకుంటే తప్పు లేదు. కలిపి చూస్తేనే ఉన్నది. వాళ్ళు కలిపి చూడలేదు. ఇద్దరు చదువుకున్న మనుషులు ఒకరి పని మీద ఒకరు అంత నమ్మకం పెట్టుకున్నారు. ఆ నమ్మకం చూసి నాకు ఇంకింత మండింది. చెయ్యి దానంతట అదే పోయి జాకెట్టుకు గుచ్చుకున్న సూది తీసింది. రెండు కాగితాలూ కలిపి ఆ గడి నడిమధ్యలో పొడిచాను. చిన్న వెలుతురు చుక్క నా అరచేతిలో పడింది. ఇంక నాయనలాగా పిలవాలి. సాయంత్రం ఆయన వచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. అన్నం పెట్టాను. మాట నోటి దాకా వచ్చింది. అప్పుడు ఆయన అన్నాడు, "వసంత లేకుంటే ఇది అయ్యేదే కాదు. అసుంటి సూపు ఎవరికీ ఉండది." నేను పచ్చిపులుసు పోసి లోపలికి పోయాను. పొద్దున్నే స్టేషనుకు పోతూ, వసంత అక్కడికే వస్తుందని చెప్పి, గొట్టం చంకన పెట్టుకుని నవ్వుతూ చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

మర్నాడు సాయంత్రం తిరిగి వచ్చాడు. చెప్పులు విడుస్తూ, "నడువలే" అన్నాడు. అంతే. తర్వాత పక్కింటి రైల్వే గార్డు వస్తే ఆయన అతనితో చెప్తుంటే విన్నాను, మిగిలినవన్నీ మిషన్ సరిగ్గానే చదివిందట. 'ఇట్లయితే ఇది చెయ్యి, లేకుంటే అది చెయ్యి' అనే మాట వచ్చిన ప్రతిచోటా, 'లేకుంటే' దగ్గర తప్పు తప్పు అని తిప్పికొట్టిందట. అక్కడ గడికో అట్టకార్డు చిల్లులు కొట్టి మిషన్‌లోకి పంపుతారట. ఆ గడికి నీలం కార్డు ముందు పోయింది, ఆకుపచ్చ కార్డు వెనుక పోయి దాన్ని చెరిపి కూర్చున్నది. మిషన్‌కు చివరిదే మిగిలింది. కాలేజీలో పెద్దసారు ముందు మా ఆయన తప్పు నాది అన్నాడట. వసంత లేచి, కాదు సార్, నాది అన్నదట. ఆ ముచ్చట విని నేను ఏం చేశానో తెలుసా? ఏడవలేదు. తప్పును కూడా ఇద్దరే పంచుకున్నారు, నాకు చిటికెడు మిగల్చలేదు కదా అని పండ్లు కొరుక్కున్నాను. ఆ ఏడు పాఠం బయటి నుంచి వచ్చిన సారుకు పోయింది. మా ఆయన కొక్కేనికి చొక్కా తగిలించే తీరు చాలా రోజులు నేను చూడలేకపోయాను.

ఆయన అరుస్తాడని ఎదురుచూశాను. కాగితం చూసి ఉంటాడు, రంధ్రం చూసి ఉంటాడు, ఈ ఇంట్లో సూది ఎవరిదో తెలియదా? రెండో రోజు పొద్దున, "నీ సూదుల డబ్బా ఎక్కడున్నది?" అని అడిగాడు. తెచ్చి ఇచ్చాను. తీసుకుని తన బల్ల మీద పెట్టుకున్నాడు. తిరిగి ఇవ్వలేదు. నా సూదులు గుంజుకున్నాడు, ఇదే నా శిక్ష అనుకున్నాను. మళ్ళీ కొన్ని నెలలకు మిషన్ మీద ఇంకో పూట దొరికింది. ఆ గడిలో ఆకుపచ్చ తీసేసి నీలం ఉంచితే చాలునట, నడిచింది. మరుసటి ఏడు పాఠం ఆయనకే వచ్చింది. అప్పటి నుంచి రిటైరయ్యే దాకా ఏ పట్టిక తయారుచేసినా నేల మీద పరిచి, పక్కన సూదుల డబ్బా మూత తీసి పెట్టి, "భారతీ, గీతలు సక్కగున్నయా జర చూడు" అనేవాడు. గీతలు గీసింది నేనే, చక్కగా లేకుండా ఎట్లా ఉంటాయి? కూర్చుని వేలు నడిపించేదాన్ని. రెండు ఉన్న గడి కనబడితే పొడిచేదాన్ని. "గీతలు మంచిగనే ఉన్నయి" అని లేచేదాన్ని. ఆయన కాగితం ఎత్తి వెలుతురుకు చూసి, రబ్బరు తీసుకునేవాడు. ఒక్క మాట లేదు. అన్నేండ్లూ, నేరం చేసిన దానితో రోజూ ఆ నేరం పనే చేయిస్తున్నాడని, అది తీరని శిక్ష అని, పండ్లు బిగబట్టుకుని చేశాను. వసంత పెళ్ళి చేసుకుని మద్రాసు వెళ్ళిపోయింది. ఆమె పోయినా నా కుళ్ళు పోలేదు.

ఇప్పుడు వసంత నా ముందు కుర్చీలో కూర్చుని, అట్టగొట్టం మూత తీసి, పసుపు తిరిగిన తన ఆకుపచ్చ కాగితం బయటికి లాగింది. ఇప్పుడు పిల్లలు ఎవరూ పట్టికలు గీయరట. సూత్రాలు ఇస్తే ప్రోగ్రామే రెప్పపాటులో నింపి, ఎక్కడన్నా ఒక గడిలో రెండు పడితే అక్కడే చెప్పేస్తుందట. చెప్పదా మరి, మిషన్‌కు కుళ్ళు ఉండదు కదా. ఆ మాట నేను పైకే అన్నాను. వసంత నవ్వలేదు. కాగితాన్ని కిటికీకి ఎత్తి పట్టింది. వెలుతురు చుక్క ఆమె ముడతల చెంప మీద పడింది.

"ఇది మీరు పొడిచిందే కదా అక్కా?"

ఇన్నేండ్ల తర్వాత అబద్ధం ఎందుకు? "నేనే. పొడిచిన. చెప్పలే. నువ్వు సల్లగ నవ్వుతాంటివి, నాకు మండుతుండె. ఆయన పాఠం పోయింది నా వల్లనే. తిట్టు, తిట్టిపో" అన్నాను.

"ఆరోజు తిరుగు రైల్లో కారణం దొరక్క రెండు కాగితాలూ మోకాళ్ళ మీద పరుచుకున్నామక్కా. ఆలేరు దాటాక ఎండ పడింది. ఆ రంధ్రం కనిపించింది. సార్ చాలాసేపు దాన్నే చూశారు. నేను, ఎవరో చించేశారండీ అన్నాను. సార్ తల అడ్డంగా ఊపి, ఇది మా భారతి సూది అన్నారు. మనిద్దరి కంటే ముందు ఆమెకు కనబడింది, అలాంటి కన్ను మన కాలేజీలో ఎవరికీ లేదు అన్నారు."

నేను చెయ్యి చాపి ఆ రంధ్రాన్ని వేలితో తడిమాను.

"మరి చెప్పలేదేమండీ అని నేను అడిగాను. దానికి సార్, నేను ఆమెకు చెప్పడం మానేశాను, ఆమె నాకు చెప్పడం మానేసింది, తప్పు నాదే అన్నారక్కా. నాకు ఆ రోజంతా మీ మీద ఎంత అసూయ వేసిందో. నా గురించి అలా చెప్పే మనిషి నాకు తర్వాత కూడా దొరకలేదు."

నా మీద అసూయ అట. చక్కెర లేని చాయ్ తాగి నవ్విన మనిషికి. కొద్దిసేపు నాకు గోడ, కిటికీ ఏదీ కనబడలేదు. బల్ల మీద సూదుల డబ్బా మూత తీసి పెట్టి, గీతలు చూడు భారతీ అనే మనిషి కనబడ్డాడు. గీతల కోసం కాదు. శిక్ష కాదు. పిలవడం నేను మానేశానని, పొడిచే పనైనా నాకు మిగిల్చి, నా తరఫున తానే వెలుతురుకు ఎత్తి చూసుకున్నాడు ఆ మనిషి, బతికినంత కాలం. అది అర్థమైన మరుక్షణమే మళ్ళీ మంట. నా గురించి ఆయన బతుకులో అన్న ఒకే ఒక్క గొప్ప మాట, రైల్లో, ఆలేరు దగ్గర, ఈమెతో అన్నాడు. నాతో అనలేదు. ఆ మాటను ఈమె మద్రాసు తీసుకుపోయి ఇన్నేండ్లు దగ్గర పెట్టుకున్నది.

"మళ్ల చెప్పు" అన్నాను. "ఆయన ఎట్ల అన్నడో అట్లనే చెప్పు."

వసంత కండ్లు మూసుకుని, "అలాంటి కన్ను ఎవరికీ..." అని మొదలుపెట్టింది.

"అట్ల కాదు. ఆయన అట్ల అనడు" అన్నాను. "'ఇది మా భారతి సూది. మనకంటె ముందుగాల ఆమెకు కనబడ్డది. అసుంటి కన్ను మన కాలేజీల ఎవ్వనికీ లేదు. నేను చెప్పుడు బంద్ చేసిన, ఆమె చెప్పుడు బంద్ చేసింది.' గిట్ల అంటడు ఆయన."

వసంత కండ్లు తెరిచింది. "అచ్చం అలాగే అన్నారక్కా" అన్నది. ఆమె కండ్లనీళ్ళు తుడుచుకుంటుంటే పెట్టె తీసి, అడుగున ఉన్న నీలం కాగితం తెచ్చి నేల మీద పరిచాను. దాని మీద ఆమెది పరిచాను. గీత మీద గీత కూర్చున్నది. సూది తీసి దించితే రెంటిలోంచీ ఆగకుండా దిగింది. వసంత మెల్లగా, "అక్కా, కాలేజీ పాతవాళ్ళందరం కలుస్తున్నాం. రెండూ అద్దం కట్టించి అక్కడ పెడదామనుకుంటున్నాను, మీరిస్తే" అన్నది.

"ఆయన మాట ఇన్నేండ్లు నీ దగ్గర పెట్టుకున్నవ్ గద" అన్నాను. "కాగితాలు నా దగ్గర పెట్టిపో."

పెట్టిపోయింది. పోయే ముందు చాయ్ పెట్టి ఇచ్చాను. చక్కెర వేశాను, రెండు చెంచాలు. ఒక గుక్క తాగి, గ్లాసు దించి, "తీపి ఎక్కువైందక్కా, నాకు షుగర్" అన్నది.